మోటారు పందెమున గెలుపెవరిది?

పల్లెలలో ఎడ్ల పందెములు జరుగునపుడు గెలుపోటములను గూర్చి తగవులు పుట్టుట మీరెఱిగినదే. మోటారుబండ్ల పందెములందును ఇట్టి తగవులు కలవు. అందొకటి ఎట్లు పుట్టి ఎట్లు తీఱినదో నేడు మనవి చేసెదను.

అమెరికాలో స్టాక్ కారు పందెమను నొక వేడుక కలదు. స్టాక్ అనగా అంగడిలో అమ్మకమునకుంచిన సరకు. జనులు కొని నడుపుకొను బండ్లనే పందెమునకు దింపుటచే మొదట ఈ పేరు కలిగినది. నేడు పేరు మాత్రము నిలిచినది. బండ్లు పందెముకొఱకే ప్రత్యేకముగా కట్టబడుచున్నవి. ఈ పందెములను నడపు నాస్కార్ అను సంఘము 1948లో ఏర్పడినది.

1959 ఫిబ్రవరి 22వ తేదీన ఫ్లారిడా రాష్ట్రమందలి డేటోనాలో, క్రొత్తగా నిర్మించిన బాటపై, 500 మైళ్ల పందెము మొదటిసారి జరిగినది. ఆ బాట చుట్టుకొలత రెండున్నర మైళ్లు. 200 చుట్లు తిరుగవలెను. తుదకు మూడు బండ్లు ప్రక్కప్రక్కనే గీతను దాటినవి. లీ పెట్టీ, జానీ బోషాంప్ అనువారు గెలుపునకై పోరాడుచుండిరి. మూడవవాడగు జో వెదర్లీ అప్పటికే చుట్టు వెనుకబడియుండెను. గెలుపుతో అతనికి పనిలేకున్నను, అతని బండి ప్రక్కన నుండుటచే చూపరులకు చిక్కు హెచ్చెను. సంఘాధ్యక్షుడగు బిల్ ఫ్రాన్స్ బోషాంపే గెలిచెనని ప్రకటించెను. పెట్టీ అందుల కొప్పుకొనలేదు.

ఇంతమంది చూచుచుండగా సందేహమేల? తార్నాకనుండి ఉస్మానియా విశ్వవిద్యాలయములోని ఆర్ట్స్ కళాశాలకు పోవు బాటను మీలో కొందఱు చూచియుందురు. కళాశాల యెదుట బాటకడ్డముగా నొక గీత గీచితి మనుకొనుడు. తార్నాకవైపునుండి రెండు బండ్లు సరిసమానముగా వచ్చి గీతను తాకినవి. బాటప్రక్కన సరిగా గీతకొననే నిలిచినవానికి రెండును సమముగా కనబడును. పదియడుగులు తార్నాకవైపు నిలిచినవానికి దగ్గఱి బండి ముందున్నట్లు తోచును. గీతకు పదియడుగు లావల నిలిచినవానికి దూరపు బండియే ముందున్నట్లు తోచును. మువ్వురిలో అబద్ధమాడిన వాడొక్కడును లేడు. భేదమంతయు నిలిచిన చోటిది. ప్రమాణములలో ప్రత్యక్షము మొదటిదే యైనను, అది దోషరహితమై యుండవలెను గదా!

వేగమును మఱియొక కారణము. ఆనాటి సగటు వేగము గంటకు 135 మైళ్లు, అనగా సెకనుకు సుమారు 200 అడుగులు. రెండడుగుల యెడము సెకనులో నూఱవపాలు మాత్రమే. మనుష్యుని కన్ను దాని నెట్లు పట్టగలదు? అందుచే అధికారులు ఛాయాచిత్రములను, వార్తాచిత్రపు ఫిల్మును తెప్పించి పరిశీలించిరి. 61 గంటల పిమ్మట, రెండడుగుల పాటి యెడముతో పెట్టీయే గెలిచెనని తీర్పు చెప్పిరి.

మన హైదరాబాదులో తగవు వేఱు విధమున వచ్చినది. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగరు చెంత ఫార్ములా ఈ పందెము జరిగినది. అందలి బండ్లు స్టాక్ కార్లు కావు. విద్యుచ్ఛక్తితో నడచు పందెపు బండ్లు. ఫ్రాన్సు దేశీయుడగు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. సెబాస్టియన్ బ్యూమీ మూడవవాడుగా గీతను దాటెను. కాని అతని బండి నియమమునకు మించిన శక్తిని వాడినదని తేలగా, కాలదండన విధించిరి. అతడు 15వ స్థానమునకు దిగజాఱెను. మూడవ స్థానము అంతోనియో ఫెలిక్స్ డ కోస్టాకు దక్కెను.

కావున తగవులు రెండు విధములు. ఎవరు ముందు దాటిరనునది చూపుతో తేలునది. ఎట్లు దాటిరనునది నియమముతో తేలునది. పందెమునకు ముందే నియమములను అందఱి యెదుట చదువుడు. మధ్యస్థుని సరిగా గీతకొననే నిలుపుడు. ఇప్పుడు పల్లెలందును సెల్‌ఫోనులు కలవు. ఒకదానిని గీతకు నేరుగా కదలకుండ నిలిపి చిత్రము తీయుడు. ఇంత చేసినను మొదటి తీర్పు తప్పని సాక్ష్యము దొరకినచో, దానిని మార్చుటకు వెనుదీయకుడు. అది మాట తప్పుట కాదు, గెలిచినవాని సొమ్ము గెలిచినవానికి ముట్టజెప్పుట. డేటోనాలో చాటిన తీర్పును మూడవనాడు మార్చినందుననే పెట్టీ గెలుపు పెట్టీకి దక్కినది.