చెక్కు కేసులో శిక్ష పడ్డాక

నెల్లూరు తీరంలో ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వైపు రొయ్యల రైతులు మేతను తరచూ అరువుకు తెస్తారు. హామీగా డీలరు చేతిలో సంతకం చేసిన చెక్కు పెడతారు. తెల్లమచ్చ తెగులు తగిలి చెరువు పోతే బాకీ నిలిచిపోతుంది, చెక్కు బ్యాంకు నుంచి తిరిగొస్తుంది. డీలరు నోటీసిచ్చినా 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ప్రకారం అది నేరం. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడవచ్చు.

మేజిస్ట్రేటు ఏడాది జైలు, అయిదు లక్షల పరిహారం విధించారనుకుందాం. అంతటితో ఆ రైతు కథ ముగిసినట్టు కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, జైలు శిక్ష పడినవారికి తీర్పు ప్రతిని వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. శిక్ష మూడేళ్లు మించకుండా, ముద్దాయి అప్పటికే బెయిలు మీద ఉంటే, అప్పీలు వేసుకునేందుకు సరిపడా కాలం శిక్షను నిలిపి బెయిలు ఇచ్చే అధికారం శిక్ష వేసిన కోర్టుకే ఉంది. అలా కోరే పిటిషన్ తీర్పు రోజునే వేయాలి. అందుకే ఆ రోజు జామీనుదారులను వెంటబెట్టుకుని కోర్టుకు వెళ్లడం మంచిది. శిక్ష ఆగినంత మాత్రాన దోషి అన్న తీర్పు చెరిగిపోదు.

మేజిస్ట్రేటు తీర్పు మీద అప్పీలు జిల్లా సెషన్స్ కోర్టుకు వెళ్తుంది, గడువు 30 రోజులు. సెషన్స్ కోర్టే విచారించి శిక్ష వేసిన కేసులైతే హైకోర్టుకు, 60 రోజుల్లో.  నెల్లూరువారికి ఆ హైకోర్టు అమరావతిలో ఉంది.

రోజుల లెక్క దగ్గరే చాలామంది దెబ్బతింటారు. తీర్పు వెలువడిన రోజు లెక్కలోకి రాదు. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకుంటే, అది తయారవడానికి పట్టిన రోజులను కూడా గడువు లెక్క నుంచి మినహాయిస్తారు. దరఖాస్తు చేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ ఆ కాపీ మీదే రాసి ఉంటాయి. వాటిని చూసుకోకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకోకూడదు. ఉచిత ప్రతి అదే రోజు చేతికొచ్చినవారు ఈ మినహాయింపును నమ్ముకోకపోవడం క్షేమం. గడువు దాటితే ఆలస్యానికి కారణం చెబుతూ అఫిడవిట్‌తో మన్నింపు కోరవచ్చు. మన్నించడం కోర్టు ఇష్టం.

అప్పీలు మెమోలో మొరపెట్టుకుంటే చాలదు, తీర్పు ఎక్కడ తప్పిందో చూపాలి. చెక్కు తిరిగొచ్చిందన్న బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో డీలరు నుంచి నోటీసు వెళ్లిందా? నోటీసు అందాక బాకీ కట్టేందుకు ఇవ్వాల్సిన 15 రోజులు గడిచాకే కేసు వేశారా? హామీగా ఇచ్చిన ఖాళీ చెక్కులో అసలు బాకీకి మించిన అంకె వేశారా? ఏ సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏమన్నాడో, ఖాతా పుస్తకం ఏ ఎగ్జిబిట్ నంబరుతో రికార్డులో ఉందో చెబితేనే వాదనకు బలం. చెక్కు బాకీ కోసమే ఇచ్చారని చట్టం ముందుగా అనుకుంటుంది కాబట్టి దాన్ని పడగొట్టాల్సిన భారం రైతుదే. కొత్త సాక్ష్యం తెస్తామంటే పై కోర్టు అరుదుగానే ఒప్పుకుంటుంది.

చెక్కు కేసులో అప్పీలుకు డబ్బు కూడా సిద్ధం చేసుకోవాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 2018లో చేర్చిన 148వ సెక్షన్ ప్రకారం, జరిమానా లేదా పరిహారంలో కనీసం 20 శాతం జమ చేయమని అప్పీలు కోర్టు ఆదేశించవచ్చు. అయిదు లక్షలకు అది లక్ష రూపాయలు. ఆదేశం వచ్చిన 60 రోజుల్లో కట్టాలి, తగిన కారణం ఉంటే మరో 30 రోజులు ఇస్తారు. పంట పోయిన రైతుకు ఇది పెద్ద బరువే. అసాధారణ పరిస్థితి ఉంటే ఈ షరతు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది కనుక ఆ పరిస్థితిని ఆధారాలతో ముందే కోర్టుకు చెప్పుకోవాలి.

బెయిలు దొరక్క నెల్లూరు దగ్గరి చెముడుగుంట జైలుకు వెళ్లినా దారి మూసుకుపోదు. అప్పీలును జైలు సూపరింటెండెంటుకు ఇస్తే ఆయనే కోర్టుకు పంపాలి. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. తీర్పు ప్రతి విషయానికొస్తే, 1978లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన హోస్కోట్ కేసులో, ఖైదీకి తీర్పు ప్రతి ముట్టిందో లేదో తేలక ఏళ్ల ఆలస్యం జరిగింది. ప్రతిని వెంటనే ఇచ్చి రాతపూర్వకంగా రసీదు తీసుకోవాలని జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం జైళ్లను ఆదేశించింది.

డీలరు ఒప్పుకుంటే అప్పీలు నడుస్తుండగా కూడా రాజీ చేసుకోవచ్చు. కోర్టు ఆ రాజీని ఆమోదిస్తే శిక్ష రద్దవుతుంది.