చేతికి ఇమామ్ జామిన్ సరే, బిడ్డకు బెల్టు ఏదీ?

గల్ఫ్‌కు బయలుదేరేది కూతురైనా కోడలైనా, గుమ్మం దాటేముందు పెద్దవాళ్లు జబ్బకు ఇమామ్ జామిన్ కట్టడం మన ఇళ్లలో అందరూ ఎరిగినదే. గుడ్డపీలికలో రూపాయి నాణెం చుట్టి కట్టి, సలామతీగా చేరాక దాన్ని ఖైరాత్ చేయమంటారు. ఈ రివాజుకు ధర్మంలో ఆధారం ఉందా లేదా అన్న బహస్ ఇక్కడ వద్దు. మా మదరసా ఉస్తాదులు ఒప్పుకునేవారు కాదు, మా ఇంటావిడ ఇప్పటికీ మానలేదు.

కొన్నేళ్ల కిందట మా అమ్మాయి తొమ్మిది నెలల పాపతో దోహా వెళ్తోంది. సాగనంపడానికి అమలాపురం నుంచి హైదరాబాదు విమానాశ్రయానికి రాత్రికి రాత్రి కారులో బయలుదేరాం. పాప జబ్బకు నాణెం ఉంది. పాప మాత్రం ముందు సీట్లో నా ఒళ్లో ఉంది. వెనుక సీట్లో సామాను, మనుషులు కిక్కిరిసి ఉన్నారని నేనే తీసుకున్నాను. సూర్యాపేట దాటాక రోడ్డుకు అడ్డంగా ఒక గేదె వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. అతని తప్పు ఏమీ లేదు, వేగంగా కూడా నడపడం లేదు. నా రెండు చేతులూ పాప చుట్టూనే ఉన్నాయి. అయినా రెప్పపాటులో పాప నా చేతుల్లో లేదు. డాష్‌బోర్డుకు తగిలి నా కాళ్ల దగ్గర పడి ఉంది. కనుబొమ మీద నాలుగు కుట్లు పడ్డాయి. విమానం తప్పిపోయింది. అల్లాహ్ దయవల్ల అంతటితో పోయింది.

మా అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. "అబ్బా, మీరు గట్టిగానే పట్టుకున్నారు, నేను చూశాను" అంది. అది నిజమే. గట్టిగానే పట్టుకున్నాను. అయినా చాలలేదు. ఆ తర్వాత దీని గురించి అడిగి, చదివి తెలుసుకున్న సంగతులను పాఠకుల ముందు పెడుతున్నాను. ఒకప్పుడు కోనసీమ నుంచి కువైట్, మస్కట్, దుబాయ్‌లకు ఎక్కువగా సంపాదనకు వెళ్లేవాళ్లే ఒంటరిగా పోయేవారు. ఇప్పుడు ఫ్యామిలీ వీసా మీద, విజిట్ వీసా మీద, ఉమ్రాకు, ఒళ్లో పసిబిడ్డలతో వెళ్తున్న తల్లులు మన వీధుల్లోనే ఎందరో ఉన్నారు.

చేతుల బలం ఎంత?

విమానాల్లో రెండేళ్లు నిండని బిడ్డకు వేరే సీటు అక్కరలేదు, తల్లి ఒళ్లో కూర్చోవచ్చు. టికెట్ కూడా పెద్దల ధరలో పదోవంతో, ఒక నిర్ణీత రుసుమో ఉంటుంది. అందుకే అందరం ఆ దారే పడతాం. కానీ ఇది ధరకు సంబంధించిన ఏర్పాటే తప్ప, ఒళ్లో బిడ్డకు భద్రత ఉందని ఎవరూ ఇచ్చిన హామీ కాదు. కొత్త రకం విమానాల సీట్లను మనిషి బరువుకు 16 రెట్లు ఒత్తిడి పడినా తట్టుకునేలా పరీక్షించి బిగిస్తారు. ఆ లెక్కన 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో 160 కిలోల బరువుతో ముందుకు దూసుకుపోతుంది. మన లెక్కలో రెండు ధాన్యం బస్తాలకు పైమాటే. ఎంత ప్రేమ గల తల్లి అయినా రెండు బస్తాలను చేతులతో ఆపగలదా?

1989 జూలై 19న అమెరికాలో డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి ఇంజను పగిలి అదుపు తప్పింది. అది సియూ సిటీ విమానాశ్రయంలో కూలినంత పని చేస్తూ దిగింది. 296 మందిలో 112 మంది చనిపోయారు. అందులో వేరే సీటు లేకుండా ఒళ్లో ప్రయాణిస్తున్న చిన్నారులు నలుగురు. దిగేముందు పిల్లలను కాళ్ల దగ్గర నేల మీద పెట్టి పట్టుకోమని సిబ్బంది తల్లులకు చెప్పారు. అప్పటి పద్ధతి అదే మరి. ఆ నలుగురిలో ఒక బిడ్డ బతకలేదు. ఆ మాట చెప్పవలసి వచ్చిన సిబ్బంది పెద్ద జాన్ బ్రౌన్ అనే మహిళ ఆ తర్వాత ఏళ్ల తరబడి, పసిబిడ్డకూ సీటు, బెల్టు ఉండాలని అధికారుల చుట్టూ తిరిగారు. ప్రమాదాలను విచారించే అక్కడి బోర్డు 1990లోనే ఆమె మాటను సమర్థించింది. నియమాలు చేసే ఏవియేషన్ శాఖ మాత్రం 2005లో కుదరదంది. వాళ్లు చెప్పిన కారణం ఆలోచించదగినదే. బిడ్డకూ టికెట్ కొనాలంటే చాలా కుటుంబాలు విమానం మానేసి కారులో వెళ్తాయి, రోడ్డు మీద పోయే ప్రాణాలు అంతకంటే ఎక్కువవుతాయి అన్నారు. ఈ మాటను గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

అది అమెరికా సంగతి అనుకోవద్దు. 2020 ఆగస్టు 7న దుబాయ్ నుంచి వచ్చి కోజికోడ్‌లో రన్‌వే దాటి లోయలో పడిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో ఉన్నవారు 190 మంది. వారిలో 10 మంది పసిపిల్లలు. అందులో ఉన్నవి గల్ఫ్ నుంచి ఇంటికి వస్తున్న మనలాంటి కుటుంబాలే. ఆ ప్రమాదంలో 21 మంది చనిపోయారు. కూలడం దాకా ఎందుకు, గాలిలో కుదుపు చాలు. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం కుదుపులో చిక్కుకుని బ్యాంకాక్‌లో దిగింది. ఒకరు మరణించారు, ఎంతోమంది గాయపడ్డారు. బెల్టు లేనివాళ్లు పైకప్పుకు కొట్టుకున్నారు.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఇలాంటివి చాలా అరుదు. "అంతా అల్లాహ్ చేతిలో ఉంది మౌల్వీ సాబ్, సీటు ఏం చేస్తుంది" అనే పెద్దలు మా మసీదులోనే ఉన్నారు. ఒంటె తాడు సంగతి జుమా ఖుత్బాలలో వాళ్లూ నాతో పాటు ఎన్నోసార్లు విన్నవాళ్లే కాబట్టి అంతకన్నా చెప్పను.

ఏ బిడ్డకు ఏది?

ముందు రెండేళ్లు దాటిన బిడ్డ మాట. ఈ బిడ్డకు ఎలాగూ వేరే టికెట్ కొంటాం. సీటు ఉంది, డబ్బు కట్టేశాం. కానీ ఆ నడుము బెల్టు పెద్దవాళ్ల కొలతకు చేసింది. మూడేళ్ల పిల్లవాడికి అది జారి పొట్ట మీదికి వస్తుంది. ఇక్కడ బేబీ సీటు వాడితే అదనపు టికెట్ ఖర్చు లేదు. అయినా మనలో చాలామంది పట్టించుకోరు. సీటు మోయలేం అనేవాళ్లకు కేర్స్ అనే పట్టీల సెట్టు ఒకటుంది. అరకిలో బరువు ఉంటుంది. విమానం సీటు వీపుకు చుట్టి, బిడ్డ భుజాల మీదుగా దించి, నడుము బెల్టుతో కలుపుతారు. దీన్ని అమెరికా అధికారులు 2006లో ఆమోదించారు. 10 నుంచి 20 కిలోల బరువు, మీటరు లోపు ఎత్తు ఉన్న పిల్లలకే ఇది పనికొస్తుంది. కారులో దీన్ని వాడకూడదు. వీపు లేని బూస్టర్ సీటు మాత్రం విమానంలో దండగ. దానికి భుజం బెల్టు కావాలి, విమానం సీటుకు అది ఉండదు.

రెండేళ్ల లోపు బిడ్డకు సీటు కొనాలా అన్నది కష్టమైన ప్రశ్న. కొనగలిగినవాళ్లు కొనాలనే నా అభిప్రాయం. పెళ్లి వలీమాలో ఒక వంటకం తగ్గిస్తే వచ్చే డబ్బు అది. కొనలేని తల్లిని నిందించే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఆమె ఒకటి తప్పకుండా గుర్తుంచుకోవాలి. తన బెల్టునే బిడ్డ మీదుగా ఇద్దరికీ కలిపి పెట్టుకోకూడదు. కుదుపు వస్తే తల్లి బరువంతా బిడ్డ మీద పడుతుంది. దుపట్టాతో ఒంటికి కట్టుకున్నా, మెడలో సంచీలా వేసుకునే క్యారియర్‌లో పెట్టుకున్నా, పైకి లేచేటప్పుడూ దిగేటప్పుడూ అదే ప్రమాదం. చాలా విమానాల్లో తల్లి బెల్టుకు తగిలించే చిన్న బెల్టు బిడ్డ కోసం ఇస్తారు. ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి. అది కుదుపుల్లో బిడ్డ ఎగిరిపోకుండా ఆపుతుంది. పెద్ద ప్రమాదంలో మాత్రం బిడ్డ తల్లికీ ముందు సీటుకూ మధ్య నలిగిపోయే అవకాశం ఉంది. అందుకే అమెరికాలో దాన్ని అనుమతించరు.

ముందు గోడకు తగిలించే ఉయ్యాల చూసి "బిడ్డకు మంచం ఇచ్చారు" అని సంబరపడతాం. అది నిద్రకే. పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు, బెల్టు దీపం వెలిగినప్పుడు బిడ్డను అందులోంచి తీసేయాలి.

ఇంకొక లెక్క చాలామంది మరిచిపోతారు. వెళ్లేటప్పుడు బిడ్డకు ఇరవై నెలలు, విజిట్ వీసా మీద ఆరు నెలలు ఉండి తిరిగి వస్తారు. ఈలోగా రెండేళ్లు నిండుతాయి. తిరుగు ప్రయాణానికి వేరే సీటు టికెట్ కావలసిందే. కౌంటరు దగ్గర తెలిసి కంగారు పడే బదులు ముందే కొంటే చవక.

సీటు కొనేటప్పుడు రంగు, మెత్తదనం తర్వాత చూడవచ్చు. ముందు వెనక్కి తిప్పి చీటీ చదవండి. అమెరికా సీటయితే మోటారు వాహనాలకూ విమానాలకూ ఆమోదించినట్టు ఎర్ర అక్షరాల్లో రాసి ఉంటుంది. యూరప్ సీట్ల మీద ఆర్44 లేదా ఆర్129 గుర్తు ఉంటుంది. విమానంలో వాడవచ్చని వేరే ముద్ర ఉందేమో చూడాలి. ఇక్కడే చాలామంది మోసపోతారు. కొత్త ఖరీదైన సీట్లు కొన్ని ఐసోఫిక్స్ అనే ఇనుప కొక్కేలతో కారుకు తగిలేవి. విమానంలో ఆ కొక్కేలకు చోటు లేదు. ఒక్క నడుము బెల్టుతో బిగించగలిగిందే అక్కడ పనికొస్తుంది. వెడల్పు కూడా కొలవాలి. 16 అంగుళాలు, అంటే 40 సెంటీమీటర్లు దాటితే ఎకానమీ సీటు చేతుల మధ్య పట్టడం కష్టం. ఏడాది లోపు బిడ్డను వెనుకవైపు తిరిగి కూర్చునేలా పెట్టాలి. మెడ, తల దానివల్లే నిలుస్తాయి. అయితే అలా పెడితే ముందు సీటు వెనక్కి వాలదు కాబట్టి కొన్ని సంస్థలు ఒప్పుకోవు. టికెట్ కొనేముందే సీటు పేరు, కొలతలు రాసి అడగండి. వచ్చిన జవాబును ముద్రించి చేతిలో ఉంచుకోండి. ఎదుటివారి దారికి అడ్డం రాకుండా సాధారణంగా కిటికీ పక్కన ఇస్తారు, అత్యవసర ద్వారం వరుసలో ఇవ్వరు.

గల్ఫ్ నుంచి బంధువులు తెచ్చి, మేనమామ పిల్లలు వాడి, అటక మీద ఆరేళ్లు ఎండిన సీటును దించి తుడిచి ఇవ్వడం మన అలవాటు. బట్టలయితే సరే. సీటు ప్లాస్టిక్ మీద గడువు తేదీ పోతపోసి ఉంటుంది. అది దాటితే, లేదా ఆ సీటు ఒకసారి ప్రమాదం చూసి ఉంటే, పారేయడమే మేలు.

ఇంటి గుమ్మం నుంచే

ఇప్పుడు అమెరికా అధికారుల మాటకు వస్తాను. విమానం కంటే రోడ్డే ప్రమాదం అన్నారు. మనం ఆ రెండూ చేస్తున్నాం. గల్ఫ్ దాకా విమానంలో నాలుగు గంటలు, దానికి ముందు అమలాపురం, కొత్తపేట, రావులపాలెం మీదుగానో, రాజోలు నుంచి చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగానో, హైదరాబాదుకు రాత్రంతా కారు. ఏడుగురి బండిలో పదిమంది. డ్రైవరుకు నిద్ర. ఒళ్లో బిడ్డ. విమానంలో బెల్టు పెట్టుకోమని ఎయిర్‌హోస్టెస్ వచ్చి చెబుతుంది, ఇక్కడ చెప్పేవాళ్లు లేరు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి ప్రకారం 14 ఏళ్ల లోపు బిడ్డకు బెల్టు గానీ బేబీ సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. ఆ జరిమానా కట్టినవాణ్ణి మా ఊళ్లో నేను చూడలేదు. దుబాయ్‌లో అలా కాదు. అక్కడ 2017 జూలైలో అమలులోకి వచ్చిన నిబంధన నాలుగేళ్ల లోపు పిల్లలకు సీటు తప్పనిసరి చేసి, 400 దిర్హాముల జరిమానా పెట్టింది. అక్కడ బుద్ధిగా సీటు బిగించే మన అబ్బాయిలే సెలవుకు వచ్చి ఇక్కడ కొడుకును స్టీరింగు ముందు కూర్చోబెట్టుకుంటారు.

కాబట్టి కొన్న సీటు విమానం కోసం కాదు, ఇంటి గుమ్మం నుంచి అక్కడి ఇంటి గుమ్మం దాకా. కారులో వెనుక సీటులోనే బిగించాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో, వెనుకవైపు తిరిగే బేబీ సీటును ఎన్నటికీ పెట్టకూడదు. విమానంలో వాడకపోయినా సీటును సామానులో ఉచితంగా తీసుకెళ్లనిచ్చే సంస్థలు చాలానే ఉన్నాయి. దెబ్బ తగలకుండా దుప్పట్లు చుట్టి వేయండి.

మా అమ్మాయి తర్వాతిసారి సెలవుకు వచ్చినప్పుడు నేను టేపు పట్టుకుని రాజమండ్రి వెళ్లాను. మొదట చూసిన సీటు 46 సెంటీమీటర్లు. దుకాణం అబ్బాయి "ఇది చాలా మంచిది మాస్టారూ, అందరూ ఇదే తీసుకుంటున్నారు" అన్నాడు. వద్దని, మూడో దుకాణంలో సరైనది దొరికాక తెచ్చాను. పాప అందులో కూర్చోనని ఒకటే ఏడుపు. పది రోజులు వరండాలో అందులోనే కూర్చోబెట్టి మా ఇంటావిడ అన్నం తినిపించింది. ప్రయాణం రోజు కారెక్కించి పట్టీలు బిగిస్తుంటే, పాపే తన బొమ్మకూ బెల్టు పెట్టమంది. జబ్బకు నాణెం కూడా ఉంది, నేనేమీ అనలేదు. రావులపాలెం వంతెన రాకముందే నిద్రపోయింది.