లగ్జరీ ఫ్లాటు అమ్మే ఉద్యోగమా? ముందు కాగితం చదవడం నేర్చుకోండి!

హైదరాబాద్ కోకాపేటలో ఓ ఫ్లాటు అమ్మకానికి ఉంది. నాలుగు పడక గదులు, ఎత్తయిన బాల్కనీ, ‘ప్రముఖ ఆర్కిటెక్ట్ డిజైన్’ అని ప్రకటన. మార్కాపురంలోనో, గిద్దలూరులోనో డిగ్రీ పూర్తిచేసి కొలువు వెతుక్కుంటున్న మీకు దాంతో పనేంటి అనుకుంటున్నారా? పనుంది. అలాంటి ఫ్లాటు గోడకు వేసే పలక రాయి మన ప్రాంతంలో దొరికేదే. దాన్ని చూపించి అమ్మే సేల్స్ ఉద్యోగం మీకు వచ్చే మొదటి ఇంటర్వ్యూ కాల్ కావొచ్చు. ఇంకా కట్టని ఫ్లాటును ‘ప్రీలాంచ్’ పేరుతో మీ మేనమామకో, బాబాయికో అమ్మిపెట్టమని అడిగే కంపెనీ కూడా తగలొచ్చు. ఏ ఆఫర్ పట్టుకోవాలో, దేనికి దణ్ణం పెట్టాలో తెలియాలంటే ఈ వ్యాపారం లెక్క అర్థం కావాలి.

అంత ధర ఎందుకు?

హైదరాబాద్‌లో స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఇంత మేరకే కట్టాలన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని 2006లో తీసేశారు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం లాంటి నిబంధనలు పాటిస్తే టవర్ పైకి లేపొచ్చు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ లేఅవుట్‌ను హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. అంత పెట్టి కొన్న స్థలంలో మధ్యతరగతి డబుల్ బెడ్‌రూమ్ కడితే బిల్డరుకు గిట్టుబాటు కాదు. అందుకే పెద్ద ఫ్లాట్లు, క్లబ్‌హౌస్‌లు, పేరున్న డిజైనర్లు. ఇంటర్వ్యూలో ‘ఇక్కడ ఇంత రేటు ఎందుకు?’ అని అడిగితే ‘మంచి లొకేషన్ సర్’ అని ఊరుకోకుండా, ఈ రెండు ముక్కలు చెప్పండి.

ఓ లెక్క వేసి చూద్దాం

ఉదాహరణకు ప్రకటనలో 4,000 చదరపు అడుగులు, అడుగు రూ.10,000 అని ఉందనుకోండి. ఫ్లాటు ధర రూ.4 కోట్లు. కానీ ఆ 4,000లో లిఫ్టు, మెట్లు, కారిడార్, లాబీల వాటా కూడా కలిసి ఉంటుంది. దాన్నే సూపర్ బిల్టప్ ఏరియా అంటారు. లోపల నిజంగా వాడుకునేది కార్పెట్ ఏరియా. రెరా చట్టం ప్రకారం బయటి గోడలు, బాల్కనీ, ఓపెన్ టెర్రస్, పైపులు వెళ్లే షాఫ్టులు ఇందులోకి రావు. లోపలి అడ్డుగోడలు మాత్రం వస్తాయి.

మన ఉదాహరణలో కార్పెట్ ఏరియా 2,800 అడుగులైతే, కొనేవాళ్లకు అసలు రేటు అడుగుకు దాదాపు రూ.14,286 పడినట్టు. ఫ్లాటు నిర్మాణంలో ఉంటే 5 శాతం జీఎస్టీ, అంటే మరో రూ.20 లక్షలు. నిర్మాణం పూర్తయి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్మితే జీఎస్టీ ఉండదు. ధర రూ.50 లక్షలు, అంతకు పైబడితే కొనేవారు 1 శాతం టీడీఎస్ మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. ఇక్కడ రూ.4 లక్షలు. ఇది అదనపు ఖర్చు కాదు, అమ్మేవారికి ఇచ్చే మొత్తంలోంచి పట్టుకునేదే. చాలామంది ఫ్రెషర్లు తడబడేది ఇక్కడే.

‘ఆర్కిటెక్ట్ డిజైన్’ అంటే...

ఇది ఊరికే వాడుకునే మాట కాదు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని పెట్టుకోవాలి. బీఆర్క్ ఐదేళ్ల కోర్సు. నాటా లేదా జేఈఈ మెయిన్‌లోని ఆర్కిటెక్చర్ పేపర్ రాయాలి. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో జేఈఈ ద్వారా చేరొచ్చు. ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడో, చెల్లో ఉంటే చెప్పండి. బొమ్మలు బాగా వేసేవాళ్లను ‘అవి కూడు పెడతాయా’ అని ఆపే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

మంచి డిజైన్ ప్లాన్‌లోనే కనిపిస్తుంది. వంటగదికి కిటికీ ఉందా? గాలి ఒకవైపు నుంచి వచ్చి మరోవైపు వెళ్తోందా? పడమటి ఎండ ఏ గది మీద పడుతుంది? పనివాళ్లకు వేరే దారి ఉందా? పక్క ఫ్లాటు గోడ మన గోడకు ఆనుకుని ఉందా? ఈ ఐదు ప్రశ్నలకు ప్లాన్ చూసి జవాబు చెప్పగలిగితే బ్రోచర్ బట్టీ పట్టినవాళ్ల కంటే ముందుంటారు.

మన పలక రాయికీ చోటుంది

మార్కాపురం పేరు చెబితే పాత తరానికి బడి పలకే గుర్తొస్తుంది. నోటు పుస్తకాలొచ్చాక బడిలో పలక వాడకం తగ్గింది. అదే రాయి నేలకు, గోడలకు, పైకప్పులకు టైల్‌గా మారింది. కోట్ల ఏళ్ల కిందటి బంకమన్ను ఒత్తిడికి గట్టిపడి, పొరలు పొరలుగా విడిపోయే రాయి ఇది. భూగర్భ శాస్త్రంలో ఇక్కడి శిలల వరుసకు కంభం పేరే పెట్టారు.

లగ్జరీ ఇళ్లలో లాబీ గోడలకు, బాల్కనీలకు, తోట దారులకు సహజ రాయిని అడిగేవాళ్లున్నారు. క్వారీల మధ్య పెరిగిన మీకు రాయి చూడగానే మంచిదో కాదో తెలిసి ఉండొచ్చు. కొనే కంపెనీకి మాత్రం అది కాగితం మీద కావాలి. నీరు ఎంత పీలుస్తుంది? మందం అన్ని పలకలకూ ఒకేలా ఉందా? సీలర్ పూయాలా? జిగురుతో అంటించాలా, క్లాంపులతో బిగించాలా? చదరపు అడుగుకు రవాణాతో కలిపి ఎంత పడుతుంది? ఇవి రాసి ఇవ్వగలిగితే స్టోన్ ప్రొక్యూర్‌మెంట్, క్వాలిటీ కంట్రోల్ కొలువులకు మీ ఊరే మీ అర్హత అవుతుంది.

ఏ చదువుకు ఏ పని?

• బీటెక్, డిప్లొమా సివిల్: సైట్ ఇంజినీర్, క్వాంటిటీ సర్వే, బిల్లింగ్. ఆటోక్యాడ్‌తో పాటు రెవిట్ నేర్చుకుంటే బిమ్ ఉద్యోగాలకూ ప్రయత్నించొచ్చు.
• బీకాం: జీఎస్టీ, టీడీఎస్, కొనుగోలుదారుల చెల్లింపుల లెక్క. వాళ్లిచ్చే డబ్బులో 70 శాతాన్ని బిల్డరు ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఆ ఖాతా సంగతి తెలిసిన అకౌంటెంట్‌కు విలువ ఉంటుంది.
• బీఏ, బీఎస్సీ, బీబీఏ: సేల్స్, కస్టమర్ రిలేషన్స్, డాక్యుమెంటేషన్. తెలుగుతో పాటు ఇంగ్లిష్, హిందీ మాట్లాడితే మేలు.
• ఎల్‌ఎల్‌బీ: లింక్ డాక్యుమెంట్లు, ఈసీ పరిశీలన.
• ఐటీఐ, పదో తరగతి: ఎలక్ట్రికల్, ప్లంబింగ్, టైల్ పని, లిఫ్టు నిర్వహణ. హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ నిర్మాణ రంగ పనుల్లో శిక్షణ ఇస్తుంది.

ప్రీలాంచ్ దగ్గర ఆగండి

అసలు చిక్కు ఇక్కడుంది. రాత్రి బస్సెక్కి హైదరాబాద్ దిగిన కొత్త కుర్రాళ్లకు కొన్ని ఆఫీసులు ముందుగా ఇచ్చే పని ‘మీకు తెలిసిన పది మంది పేర్లు రాయండి’. ఆ పది పేర్లలో ఎవరుంటారు? పొలం అమ్మిన పెదనాన్న, గల్ఫ్ నుంచి వచ్చిన బావ, రిటైరైన మాస్టారు. సగం ధరకే ఫ్లాటు, డబ్బంతా ముందే కట్టాలి, మీకు కమీషన్ అంటారు. అనుమతులే లేని చోట ఆ డబ్బు ఇరుక్కుంటే ఊళ్లో సమాధానం చెప్పాల్సింది కంపెనీ కాదు, మీరు.

2016 రెరా చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా ప్రాజెక్టును రిజిస్టర్ చేయాలి. అది కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అమ్మకం అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మన రూ.4 కోట్ల ఫ్లాటుకైతే అది రూ.40 లక్షలు.

ఇక మీ సంగతి. కమీషన్ తీసుకుని కొనేవారిని పరిచయం చేసినా చట్టం దృష్టిలో ఏజెంటే. ఏజెంటుకూ రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్టర్ కాని ప్రాజెక్టును అమ్మిపెడితే రోజుకు రూ.10,000 చొప్పున, ఆ ఫ్లాటు విలువలో 5 శాతం దాకా జరిమానా పడొచ్చు. ‘నేను ఉత్తి ఫ్రెషర్‌ని సర్’ అంటే సరిపోదు.

చేరేముందు ఈ ఐదు అడగండి

1. ప్రాజెక్టు రెరా నంబరు ఏది? తెలంగాణలో ఇది ‘పి’ అక్షరంతో, ఏజెంటు నంబరు ‘ఎ’ అక్షరంతో మొదలవుతాయి. ఇంటికొచ్చి వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.
2. నెలకు కచ్చితమైన జీతం ఎంత? ‘టార్గెట్ కొడితేనే’ అంటే అది జీతం కాదు.
3. ఇన్సెంటివ్ ఎప్పుడిస్తారు? బుకింగ్ రోజా, అగ్రిమెంట్ అయ్యాకా? ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి.
4. డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నారా? అడిగితే బయటకు వచ్చేయండి.
5. కస్టమర్లను కంపెనీ చూపిస్తుందా, మీ బంధువుల జాబితా అడుగుతుందా?

ఇంటర్వ్యూకు పది రోజుల టైముంటే ఈ పని చేయండి. రెరా వెబ్‌సైట్‌లో ఏదైనా ఒక ప్రాజెక్టు తెరవండి. మొత్తం ఫ్లాట్లెన్ని, కార్పెట్ ఏరియా ఎంత, ఆర్కిటెక్ట్ ఎవరు, ఎప్పటికి పూర్తి చేస్తామన్నారు అన్నవి ఒక పేజీలో సొంతంగా రాసుకోండి. అడుగు రేటును కార్పెట్ ఏరియా మీద లెక్కగట్టండి. ఆ పేజీని రెజ్యూమెతో పాటు పట్టుకెళ్లండి. నిజాయతీగా అమ్మే కంపెనీ దాన్ని చూసి సంతోషిస్తుంది. చూసి మొహం చిట్లించే చోట చేరకపోయినా మీకు నష్టం లేదు.