కొల్లేటి సీమలో ఉపగ్రహ టెలివిజను

కైకలూరు నుండి ఆకివీడు పోవు దారిలో రెండు ప్రక్కల చేపల చెరువులు కనబడును. గట్ల మీద కొబ్బరి చెట్లు, వాని నడుమ కావలి పాకలు ఉండును. పాక కప్పు తాటాకుదే యైనను, దాని ప్రక్క పాతిన ఇనుప గొట్టముపై ఒక డిష్షు అమర్చబడి యుండును. ఈసారి ఆ దారిని పోవునపుడు ఆ డిష్షుల ముఖము లెటు తిరిగియున్నవో గమనింపుడు. ఒక్కటియు ఉత్తరమునకు చూడదు. కొన్ని దాదాపు తిన్నగా దక్షిణమునకు, కొన్ని ఆగ్నేయమునకు, మరికొన్ని ఇంకను తూర్పునకు ఒరిగి చూచుచుండును. చురుకైన విద్యార్థి బస్సు కిటికీలో కూర్చుండియే, "ఇది ఫలానా సంస్థవారి డిష్షు" అని చెప్పగలడు. అది యెట్లు సాధ్యము?

ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో, మన యిండ్లలో తరచుగా వచ్చు మరియొక ప్రశ్నకును సమాధానము దొరకును. వాన పడినప్పుడెల్ల బొమ్మ ఆగిపోవుచున్నది. ఈ సంస్థను మాని వేరొక సంస్థకు మారుదమా? మారినచో ఏమి లాభము, ఏమి నష్టము? చందా, శ్రమ, దాచుకొన్న పాఠములు దీనిపై ఆధారపడియున్నవి గనుక తొందరపడక విచారింపవలెను.

ఆకాశమున నిలిచిన దీపము

భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల యెత్తున తూర్పు దిశగా తిరుగు ఉపగ్రహము, భూమి తన చుట్టు తాను తిరుగు కాలములోనే ఒక ప్రదక్షిణము పూర్తి చేయును. అందుచేత క్రింద నున్న మనకది కదలక నిలిచినట్లు కనబడును. ఇట్టి ఉపగ్రహములను ప్రసారములకు వాడవచ్చునని ఆర్థర్ క్లార్క్ 1945లోనే ఒక వ్యాసమున వివరించెను. మన దేశమున 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరము పాటు ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశముతో కలిపి ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు విద్యా ప్రసారములు జరిగెను. అప్పటి డిష్షు మూడు మీటర్ల వెడల్పు గల తీగవల. ఇప్పటిది అరవై సెంటీమీటర్ల రేకు.

నేరుగా ఇంటికే వచ్చు ఉపగ్రహ ప్రసారము మన దేశమున 2003లో డిష్ టీవీతో ఆరంభమయ్యెను. 2004 డిసెంబరులో దూరదర్శన్ వారి ఉచిత సర్వీసు వచ్చెను. దానినే ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్ అనుచున్నారు. 2006లో టాటా స్కై (2022 నుండి దీని పేరు టాటా ప్లే), 2007లో సన్ డైరెక్ట్, 2008లో ఎయిర్‌టెల్ సర్వీసులు వచ్చెను. ఒక్కొక్కరు ఒక్కొక్క రేఖాంశముపై నిలిచిన ఉపగ్రహమును వాడుచున్నారు. కావుననే డిష్షుల చూపు వేర్వేరుగా నున్నది.

దిక్కు, ఎత్తు

ఏలూరు సుమారు 16.7 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, 81.1 డిగ్రీల తూర్పు రేఖాంశమున నున్నది. ఉపగ్రహములన్నియు భూమధ్యరేఖపైన నున్నవి గనుక అవి మనకు దక్షిణపు ఆకాశముననే కనబడవలెను. ఏలూరు నుండి లెక్క కట్టినచో ఈ విలువలు వచ్చును:

టాటా ప్లే, 83 డిగ్రీలు: దక్షిణము నుండి తూర్పునకు 7 డిగ్రీలు, నేల మట్టము నుండి ఎత్తు 70 డిగ్రీలు.
డీడీ ఫ్రీ డిష్, 93.5 డిగ్రీలు: తూర్పునకు 37, ఎత్తు 66.
డిష్ టీవీ, 95 డిగ్రీలు: తూర్పునకు 41, ఎత్తు 65.
ఎయిర్‌టెల్, 108.2 డిగ్రీలు: తూర్పునకు 61, ఎత్తు 53.

తాడేపల్లిగూడెము ఏలూరునకు తూర్పున నున్నను ఈ కోణములు అక్కడ ఒకటి రెండు డిగ్రీలకు మించి మారవు. డిష్షు రేకు ఇంత పైకి చూచునట్లు మన కంటికి కనబడదు. ఏలన, అది పూర్తి పరావలయము కాదు, దానిలో ఒక ప్రక్క ముక్క మాత్రమే. ఆ ముక్క తన ముఖము కంటె సుమారు 25 డిగ్రీలు పైనుండి వచ్చు తరంగములను నాభి వద్ద చేర్చును. ఆ నాభి యొద్దనే ఎల్.ఎన్.బి. అను చిన్న గ్రాహకము చేతిని చాచినట్లున్న కమ్మీకి బిగింపబడి యుండును.

సంస్థను మార్చునపుడు మొదట చూడవలసినది ఈ కోణములే. దొడ్డిలో డిష్షునకు ఐదు మీటర్ల దూరమున ఒక కొబ్బరి చెట్టున్న దనుకొందము. 70 డిగ్రీల ఎత్తున నున్న ఉపగ్రహమునకు, ఆ చెట్టు డిష్షు మట్టము కంటె 14 మీటర్లు పైకి పెరిగిననే అడ్డము వచ్చును. 66 డిగ్రీలకైనచో 11 మీటర్లు చాలును. 53 డిగ్రీలకైనచో 6.7 మీటర్లకే అడ్డు తగులును. చెట్టు ఏ దిక్కున నున్నదో ఆ దిక్కు ఉపగ్రహమునకే ఈ చిక్కు. కనుక ప్రక్కయింటి వారికి చక్కగా వచ్చుచున్న సర్వీసు మన యింట రాకపోవచ్చును. తప్పు సంస్థది కాదు, చెట్టుది. పది సంవత్సరముల క్రిందట బిగించిన డిష్షులో బొమ్మ ఏటేట చెడుచున్నచో, మొదట మట్టల వంక చూడవలెను.

దీనిని బడిలోనే ప్రయోగము చేసి చూపవచ్చును. ఏటికి రెండు పర్యాయములు సూర్యుడు సరిగా ఉపగ్రహము వెనుకకు వచ్చును. మన ప్రాంతమున ఇది మార్చి రెండవ వారములోను, సెప్టెంబరు చివర లేక అక్టోబరు మొదటను జరుగును. సూర్యుని నుండి వచ్చు రేడియో రొదలో ఉపగ్రహ సంకేతము మునిగిపోయి, కొన్ని దినములు వరుసగా కొలది నిమిషముల పాటు బొమ్మ చెదరును. 93.5 డిగ్రీల ఉపగ్రహమునకు ఇది ఉదయము పదకొండు గంటల ప్రాంతమున జరుగును. ఆ వేళకు మీటరు పొడవు గల కఱ్ఱను నిటారుగా నిలిపిన యెడల దాని నీడ వాయవ్యముగా సుమారు 45 సెంటీమీటర్లు పడును. నీడ కొన నుండి కఱ్ఱ తల మీదుగా గీచిన రేఖయే ఉపగ్రహమునకు దారి. సూర్యుని వంక మాత్రము కంటితో చూడరాదు; నీడను కొలిచిన చాలును.

వాన వచ్చిన బొమ్మ ఎందుకు పోవును?

36,000 కిలోమీటర్లు వచ్చుసరికి తరంగముల శక్తి ఎంతగా పలుచబడునో ఊహింపుడు. అరవై సెంటీమీటర్ల డిష్షున కందు శక్తి, స్థూలముగా చెప్పినచో, ఒక వాట్టును లక్షకోట్ల భాగములు చేయగా అందులో ఒకటి రెండు భాగములు మాత్రమే. ఇంటింటి ప్రసారములకు వాడు కేయూ పట్టీ తరంగముల పౌనఃపున్యము సుమారు 11, 12 గిగా హెర్ట్జులు. తరంగ దైర్ఘ్యము రెండున్నర సెంటీమీటర్లు. కుండపోతగా కురియు వానలో కొన్ని మిల్లీమీటర్ల వ్యాసము గల చినుకులు ఈ తరంగములను కొంత పీల్చుకొని, కొంత చెదరగొట్టును. ఏడెనిమిది సెంటీమీటర్ల దైర్ఘ్యము గల సి పట్టీ తరంగములకు ఈ బాధ చాల తక్కువ. కేబులువారు పెద్ద పెద్ద డిష్షులతో సి పట్టీని పట్టుటకు ఇదియొక కారణము.

వెనుకటి ప్రసారములలో సంకేతము తగ్గిన కొలది బొమ్మపై చుక్కలు వచ్చెడివి. డిజిటలు ప్రసారము అట్లు కాదు. ఒక మేరవరకు బొమ్మ నిర్మలముగా నుండును. ఆ మేర దాటిన క్షణమున ముక్కలై ఆగిపోవును. కాబట్టి వాన లేనపుడు బొమ్మ బాగున్నంత మాత్రమున డిష్షు సరిగా నున్నదని చెప్పరాదు. అది అంచున నిలిచియుండవచ్చును. పెట్టెలో సంకేతపు నాణ్యతను చూపు గీత యుండును. నిర్మలాకాశ సమయమున దానిని చూచి, గీత ఎక్కువగా నుండునట్లు డిష్షును సరిచేసికొన్నచో, ఆ మిగులు వాననాడు అక్కరకు వచ్చును.

ఇందుండి తేలు ముఖ్యమైన విషయ మేమనగా, ఇంటింటి సర్వీసులన్నియు కేయూ పట్టీనే వాడుచున్నవి గనుక సంస్థను మార్చినంత మాత్రమున వాన బాధ పోదు. అరవై సెంటీమీటర్ల డిష్షు బదులు తొంబది సెంటీమీటర్లది పెట్టినచో వైశాల్యము రెండుంబావు రెట్లగును. అంత మేరకు ఎక్కువ వానను తట్టుకొనును. అయినను పెను తుఫాను వానను ఏ ఇంటి డిష్షును తట్టుకొనలేదు. అట్టి సమయమున హెచ్చరికలకు బ్యాటరీ రేడియోను సిద్ధముగా నుంచుకొనుట మంచిది.

గాలి సంగతి వేరు. గంటకు 100 కిలోమీటర్ల గాలి అరవై సెంటీమీటర్ల డిష్షును సుమారు 15 కిలోల బరువుతో నెట్టినట్లు నెట్టును. కొల్లేటి బురదనేలలో లోతుగా పాతని గొట్టము ఒరుగును. డిష్షు ఒక డిగ్రీ ఒరిగినచో దాని చూపు ఆకాశమున ఆరువందల కిలోమీటర్లకు పైగా ప్రక్కకు జరిగినట్లే. కనుక వాననాడు మాత్రమే పోవు బొమ్మకు కారణము వాన; గాలి తరువాత పోయి తిరిగి రానిచో డిష్షు కదలినది; ఎండలోను అప్పుడప్పుడు పోవుచున్నచో తీగ కొనలోని తుప్పునో, ఎల్.ఎన్.బి.లో చేరిన నీటినో అనుమానింపవలెను. మొదట రోగము తెలిసికొని తరువాత వైద్యము చేయించవలెను.

మారునపుడు ఏది మిగులును?

డిష్షు రేకు, గొట్టము, తీగ చాలవరకు తిరిగి ఉపయోగపడును. రేకును క్రొత్త ఉపగ్రహము వైపు తిప్పినచో చాలును. ఇచ్చట జాగ్రత్త అవసరము. అరవై సెంటీమీటర్ల డిష్షు చూపు మూడు డిగ్రీల వెడల్పు గలది. 93.5 డిగ్రీల ఉపగ్రహమునకును 95 డిగ్రీల ఉపగ్రహమునకును నడుమ ఒకటిన్నర డిగ్రీయే యెడము. కావున బలము చూపు గీత నిండినను అది పొరుగు ఉపగ్రహమునది కావచ్చును. నాణ్యత గీతయే ప్రమాణము.

పెట్టె మాత్రము మారవలసినదే. చందా సంస్థలు ప్రసారమును గూఢలిపిలో పంపును. చందా కట్టినవారి పెట్టెకే దానిని విప్పు తాళపుచెవి యుండును. ఒకరి పెట్టె మరియొకరికి పనిచేయునట్లు చేయవలెనని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020లో సిఫారసు చేసినది గాని, ఇంటి పెట్టెను మార్చకయే సంస్థను మార్చుకొను రోజు ఇంకను రాలేదు. చందా ఛానళ్లను విడివిడిగా ఎన్నుకొను పద్ధతి 2019 నుండి అమలులోనికి వచ్చినది. కనుక మారుటకు ముందు చూడని ఛానళ్లను తీసివేయించిన యెడల, ఉన్న సంస్థలోనే ఖర్చు తగ్గవచ్చును.

దాచుకొన్న పాఠములు

చాలమంది గమనింపని నష్టము రికార్డింగు విషయమున కలదు. డిజిటలు ప్రసారము అంకెల ప్రవాహము. దానిని రికార్డు చేయుట యనగా ఆ అంకెలను అట్లే డిస్కుపై వ్రాసికొనుట. కావున రికార్డుకును అసలునకును తేడా యుండదు. సెకండుకు 50 లక్షల బిట్లతో వచ్చు కార్యక్రమము గంటకు రెండుంబావు గిగాబైట్లు ఆక్రమించును. 500 గిగాబైట్ల డిస్కులో రెండువందల గంటలకు పైగా దాచవచ్చును. ఒక ఛానలు చూచుచు వేరొకటి రికార్డు చేయవలెనన్నచో పెట్టెలో రెండు గ్రాహకము లుండవలెను.

అయితే చందా సంస్థల పెట్టెలో దాచినది సాధారణముగా ఆ పెట్టె తాళముతోనే బంధింపబడి యుండును. డిస్కును ఊడదీసి వేరొక చోట పెట్టిన తెరచుకొనదు. సంస్థను మార్చిననాడు పెట్టెతో పాటు రెండువందల గంటల పాఠములును పోవును. గాదెలో ధాన్యము మనదే గాని తాళము వేరొకరి చేత నున్నట్లు!

ఉచిత ప్రసారములు గూఢలిపిలో లేనిచో ఈ బంధము లేదు. బజారులో దొరకు ఉచిత ప్రసారపు పెట్టెలలో అనేకము యు.ఎస్.బి. పెన్ డ్రైవుపై రికార్డు చేయగలవు. ఉన్నత పాఠశాలల వారికి ఇది ముఖ్యము. 2017లో ఆరంభమైన స్వయంప్రభ విద్యా ఛానళ్లు జీశాట్-15 ఉపగ్రహము ద్వారా వచ్చినవి. ఫ్రీ డిష్ చూచుచున్నదియు అదే స్థానము. 2020లో తరగతి కొకటి చొప్పున పన్నెండు పీఎం ఈ-విద్య ఛానళ్లు ప్రకటింపబడెను. తరువాత ఆ సంఖ్యను 200కు పెంచి రాష్ట్రములకును పంచిరి. కరెంటు పోయిననాడు, పిడుగుల వాననాడు తరగతి ఆగకుండవలెనన్న, వాన లేని రాత్రి రికార్డు చేసి యుంచిన పాఠమే దిక్కు. పెట్టె కొనునపుడు రికార్డు చేసిన ముక్కను దుకాణములోనే కంప్యూటరుపై చూచి పరీక్షించుకొనవలెను. పాత ఎంపెగ్-2 పెట్టెలలో ఎంపెగ్-4 ఛానళ్లు రావనియు గుర్తుంచుకొనవలెను.

తూచి చూచిన పిమ్మట

ఎవరికేది మేలు? క్రికెట్టు, క్రొత్త సినిమాలు కావలెనన్నవారికి చందా సర్వీసు తప్పదు. వారు తమ దొడ్డి నుండి ఆకాశము ఏ దిక్కున తెరిపిగా నున్నదో చూచి సంస్థను ఎన్నుకొనవలెను. తాడేపల్లిగూడెము, ఏలూరు వంటి పట్టణములలో కేబులు గాని ఫైబరు తీగ గాని యింటివరకు వచ్చుచున్నచో, అది వానకు లొంగదు. కాని గాలికి స్తంభము కూలిన బాగుచేయుటకు దినములు పట్టును. తీగ చేరని కొల్లేటి లంకలలో డిష్షే గతి. పాఠశాలకు మాత్రము ఉచిత ప్రసారపు డిష్షు, కొంచెము పెద్దది, గట్టిగా పాతినది, యు.ఎస్.బి. రికార్డింగు గల పెట్టె అన్నిటికంటె అనుకూలము. దీనికి నెలనెల చందా లేదు. దాచిన పాఠము బడి సొత్తుగనే నిలుచును.

ఉపాధ్యాయులు ఈ లెక్కలను విద్యార్థులచేత చేయించవచ్చును. బడి ఆవరణలోని చెట్టు ఎత్తును నీడతో కొలిచి, పై కోణములతో పోల్చి, డిష్షు ఎచ్చట పెట్టవలెనో పిల్లలే నిర్ణయింపవచ్చును. త్రికోణమితి పరీక్షకు మాత్రమే పనికివచ్చు శాస్త్రము కాదని, దొడ్డిలోని కొబ్బరిచెట్టే వారికి బోధించును.