ఆయిలు మార్చిన పిమ్మట లారీ మొరాయించినచో

నూనె తక్కువైన దీపము కొండెక్కునని మనకు బాల్యము నుండియు తెలియును. నూనె ఎక్కువై ప్రమిద పొర్లినను వత్తి మునిగి దీపము చెడును. లారీ ఇంజను సంగతియు దాదాపు ఇట్టిదే. అయినను లారీల గొడవ ఆడవారికేల యను భావము మన ఇండ్లలో నేటికిని పూర్తిగా పోలేదు. గోదావరి, కృష్ణా తీరములలో లారీ యొక్కటే జీవనాధారమైన కుటుంబములు పెక్కు గలవు. ఆ ఇండ్లలో ఫైనాన్సు వాయిదాలు కట్టుట, టైర్ల లెక్క వ్రాయుట, డ్రైవరుకు బత్తా ఇచ్చుట తరచుగా ఇల్లాలి పనియే. బండి చెడిననాడు మాత్రము షెడ్డువారు ఎంత చెప్పిన నంత తెచ్చి చేతిలో పెట్టుట తప్ప ఆమెకు వేరు మార్గము కనబడదు. 2023వ సంవత్సరమున మా అక్కగారికి జరిగిన యొక అనుభవమును ఆధారము చేసికొని ఈ విషయమును సోదరీమణులకు విన్నవించుచున్నాను.

మా బావగారికి వెన్నుపూసకు శస్త్రచికిత్స జరిగి మంచము పట్టియుండుటచే, తణుకులోని వారి పది చక్రముల లారీ వ్యవహారమంతయు ఆ యేడు అక్కయే చూచుకొనుచుండెను. బండి 2018లో కొన్నది. ఇంకను వాయిదాలు మిగిలియున్నవి. ఆగస్టు మాసములో ఒకనాడు తాడేపల్లిగూడెమున బియ్యపు బస్తాలు నింపుకొని బండి హైదరాబాదునకు బయలుదేరినది. ఆయిలు మార్చవలసిన గడువు మీరియున్నందున, ఏలూరు దాటిన పిమ్మట రోడ్డు ప్రక్కనున్న యొక షెడ్డులో ఆ పని చేయించిరి. వాన కురియుచున్నది, మరునాటి ఉదయమునకు సరకు దిగవలెను, అందరికిని తొందరయే.

కొన్ని కిలోమీటర్లు పోయి టీ కొఱకు ఆపిన డ్రైవరుకు బండి క్రింద ఆయిలు చుక్కలు కనబడినవి. వెనుకకు మరలించుకొని పోగా, షెడ్డులోని కుర్రవాడు ఫిల్టరును మరికొంచెము బిగించి, కొలత కడ్డీ తీసి చూచి, "ఆయిలు తక్కువుంది" అని నాలుగు లీటర్లు అదనముగా పోసెను. మరల బయలుదేరిన బండి హనుమాన్ జంక్షను సమీపించునప్పటికి ఆయిలు ప్రెషరు ముల్లు వణకుచు క్రిందికి దిగినది. ఎఱ్ఱ దీపము వెలిగినది. వెనుక నీలి పొగ లేచినది. డ్రైవరు బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపివేసెను. ఆనాడు జరిగిన పనులన్నిటిలో ఉత్తమమైనది ఇదియే.

ఫోనుపై కబురందుకొని వచ్చిన షెడ్డు యజమాని ఇంజనును ఒకసారి తిప్పించి, విని, తేల్చివేసెను. బేరింగులు పోయినవట. ఇంజను క్రిందికి దింపవలెనట. రెండు లక్షలు సిద్ధము చేసికొనవలెనట. డ్రైవరు అక్కకు ఫోను చేసెను.

"అమ్మగారూ, వేరే బండికి కట్టి షెడ్డుకు లాగించమంటారా?"

"పొద్దున్న బయలుదేరేటప్పుడు ముల్లు ఎక్కడుంది?" అని అక్క అడిగెను.

"రోజూ ఉన్నట్టే అమ్మగారూ, నాలుగు దగ్గర."

"అయితే వాళ్లు చెయ్యి పెట్టిన తరువాతేగా ఈ రోగం! ఇక ఇంజను స్టార్టు చెయ్యనివ్వకు. తాళం నీ దగ్గరే పెట్టుకో. నేను వస్తున్నా."

ఆమె యడిగిన ప్రశ్న సామాన్యమైనది. రోగనిర్ణయమునకు మూలము కూడ అదియే. ఉదయము ఆరోగ్యముగా నున్న యింజనుకు మధ్యాహ్నము రోగము వచ్చినచో, ఆ నడుమ చేతులు తగిలిన చోటులను ముందు వెదకవలెను. ఆయిలు మార్చునప్పుడు చేతులు తగులు చోటులు కొన్నియే: అడుగున ఆయిలు దింపు నట్టు, ఆయిలు ఫిల్టరు, పైన ఆయిలు పోయు మూత, కొలత కడ్డీ. సర్వీసు పేరిట డీజిలు ఫిల్టరును, గాలి ఫిల్టరును కూడ విప్పినచో అవి మరి రెండు. ఈ ఆరింటిని చూడకమునుపే ఇంజను విప్పుదమనువారిని నమ్మరాదని నా అభిప్రాయము. బావగారి మొదటి లారీ నాటినుండియు ఎరిగిన వృద్ధ మేస్త్రి యొకరు గుడివాడలో నున్నారు. అక్క ఆయనకు ఫోను చేసి, తాను బస్సెక్కినది. ఆమె చేరునప్పటికి ఆయన మోటారుసైకిలుపై వచ్చి, లారీ నీడన కూర్చుండి, బీడీ కాల్చుచుండెనట.

ఆయన ఏమి చూచెనో చెప్పుటకు ముందు, ఇంజనులో ఆయిలు చేయు పని కొంచెము తెలిసికొనవలెను. జర్మను దేశీయుడైన రుడాల్ఫ్ డీజిలు తన పేరు వహించిన యంత్రమును 1897లో ఔగ్స్‌బర్గు నగరమున జయప్రదముగా నడిపించెను. దానిలో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. గాలిని దాని పరిమాణములో పదునారవ వంతుకో పదునెనిమిదవ వంతుకో అణచగా పుట్టు వేడికే డీజిలు అంటుకొనును. ఆ విస్ఫోటనము యొక్క బరువంతయు క్రాంకు ఇరుసుపై పడును. ఇరుసు బేరింగుల నంటి తిరుగుట లేదు. వెండ్రుక కన్నను పలుచనైన ఆయిలు పొరపై తేలుచు తిరుగుచున్నది. పంపు అడుగు చాంబరు నుండి ఆయిలును పీల్చి, ఒత్తిడితో ఆ సందులలోనికి నెట్టుచుండును. ఎఱ్ఱ దీపము వెలిగినదనగా ఆ పొర తెగిపోవు సమయము వచ్చినదని అర్థము. "ఇంకొక పది కిలోమీటర్లేగదా, ఊరు చేరి చూతము" అనుకొన్నవారు ఆ పది కిలోమీటర్లకు ఇంజను వెల చెల్లింపవలసి వచ్చును. చాంబరులో ఆయిలు పుష్కలముగా నున్నను పొర తెగవచ్చుననునది చాలమందికి తెలియని సంగతి. అక్క బండికి జరిగినది అదియే.

మేస్త్రి ముందుగా బండి నిలిచిన చోటు చదునుగా నున్నదా యని చూచెను. ఇంజను ఆగి చాలసేపైనది గనుక ఆయిలంతయు అడుగునకు దిగియుండును. కడ్డీని తీసి గుడ్డతో తుడిచి, మరల దించి తీసెను. ఆయిలు పైగీతను దాటి నాలుగు వ్రేళ్ల మేర పైకి అంటియున్నది. దానిని వ్రేళ్ల నడుమ రాచి, వాసన చూచెను. డీజిలు వాసన లేదు. పాలు కలిసిన కాఫీ రంగును లేదు. ఆ రంగే యున్నచో రేడియేటరు నీరు లోనికి దిగినట్లు. డీజిలు వాసనయున్నచో ఇంధనము కారి ఆయిలులో కలియుచున్నట్లు. ఆ రెంటిలో ఏది జరిగినను ఆయిలు మట్టము దానంతట అదే పెరుగును. ఇచ్చట ఆ రెండును కావు. మనుష్యులు పోసిన ఆయిలే ఎక్కువైనది.

షెడ్డు నేల ముందువైపునకు వాలుగా నుండెనని డ్రైవరు చెప్పెను. వాలులో దింపుటచే పాత ఆయిలు కొంత అడుగుననే మిగిలిపోయినది. దానిపై పుస్తకములోని కొలత చొప్పున నిండుగా పోసిరి. రెండవసారి చూచినప్పుడును బండి అదే వాలున నున్నది. పైగా ఇంజను అప్పుడే ఆపినది. ఆయిలు చాలవరకు పై భాగములలోనే యుండుటచే కడ్డీ తక్కువ చూపినది. దానిని నమ్మి మరి నాలుగు లీటర్లు గ్రుమ్మరించిరి.

ఎక్కువైనంత మాత్రమున ప్రెషరేల తగ్గవలెనని అక్క అడిగెనట. మేస్త్రి నవ్వి, "కుండ నిండా పెరుగు పోసి కవ్వం ఆడించి చూడండమ్మా" అనెనట. ఇంతకన్న చక్కగా ఏ పుస్తకమును చెప్పజాలదు. మట్టము మితిమీరినచో, నిమిషమునకు వేల చుట్లు తిరుగు క్రాంకు ఇరుసు ఆయిలులో మునిగి దానిని చిలుకును. ఆయిలు నురుగగును. నురుగులో సగము గాలియే. పంపు దానిని పీల్చి నెట్టినను, గాలి అణగిపోవునే కాని బరువును మోయలేదు. ముల్లు వణకుట కారణమిది. ఆ నురుగు ఇంజను ఊపిరి గొట్టము ద్వారా పైకెక్కి గాలితో కూడ లోపల మండుటచే నీలి పొగ వచ్చినది.

ఇందులో ప్రాణాపాయమును గలదు. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదు గనుక, గాలి గొట్టములోనికి చేరిన తన ఆయిలునే త్రాగుచు అది పరుగెత్తవచ్చును. అప్పుడు తాళము త్రిప్పినను ఆగదు; వేగము పెరిగి పెరిగి బ్రద్దలగును. బండి కదలక నిలిచియున్నప్పుడు బ్రేకు గట్టిగా అదిమి, పెద్ద గేరు వేసి, క్లచ్చి విడిచినచో ఇంజను అణగారి ఆగవచ్చును. గాలి దారిని పలకవంటి గట్టి వస్తువుతో మూయుట వేరొక ఉపాయము. చేయి మాత్రము అడ్డుపెట్టరాదు; గుడ్డను లోపలికి లాగివేయును. ఏ ఉపాయమును అందకున్నచో దూరముగా పారిపోవుటయే మేలు.

ఇక కారిన చుక్కల సంగతి. మేస్త్రి ఫిల్టరును విప్పి చూపెను. క్రొత్త ఫిల్టరు అంచున నల్లని రబ్బరు చుట్టు ఉన్నది. అది అతుకు ఇంజను ముఖమున పాత ఫిల్టరు చుట్టు కూడ అంటుకొని మిగిలియున్నది. ప్రెషరు కుక్కరు మూతకు పాత గ్యాస్కెట్టుపై క్రొత్త గ్యాస్కెట్టు వేసి మూసినచో ఏమగునో మనకు చెప్పనక్కరలేదు. ఎంత బిగించిన నంతగా అది జారి కారుచునే యుండును. విచిత్రమేమనగా, ఒక తప్పు రెండవ తప్పును దాచినది. కారుచున్నది గనుక ఆయిలు తగ్గియుండునని వారు మరల పోసిరి; ముల్లు పడినది గనుక బేరింగులు పోయినవని యెంచిరి. ఒకదాని నొకటి విడదీసి చూచువారు లేకపోయిరి.

మేస్త్రి పాత చుట్టును ఊడదీసి, ముఖమును తుడిచి, వేరొక ఫిల్టరులో శుభ్రమైన ఆయిలు నింపి, రబ్బరునకు కొంచెము ఆయిలు రాచి, చేతితోనే బిగించెను. అడుగు నట్టు వదులు చేసి ఆయిలు దింపగా, మట్టము గీతల నడుమకు వచ్చువరకు ఆరు లీటర్లకు పైగా వచ్చినది. తరువాత ఆయన చేసిన పని నన్ను మిక్కిలి ఆకర్షించినది. దింపిన ఆయిలును కొంచెము తెల్ల కాగితముపై పోసి, వెలుతురున వాల్చి చూచెను. బేరింగులు అరిగియున్నచో అందు రాగివలెనో వెండివలెనో మెరుపు రేణువులు కనబడును. అయస్కాంతము చాలదట, బేరింగుల పూత ఇనుము కాదు గనుక అంటదు. షెడ్డులో అమర్చిన ఫిల్టరును కూడ కోసి, లోపలి కాగితపు మడతలను విప్పి చూచెను. మెరుపు లేదు.

అంతట బండి మీటరును కూడ నమ్మక, దాని తీగ చివరనున్న మరను విప్పి తన సొంత గేజిని అచ్చట బిగించి, ఇంజనును ఆడించెను. దీపము కొన్ని సెకండ్లలో ఆరినది. వేడెక్కిన పిమ్మట నెమ్మదిగా ఆడునప్పుడు ఒకటికి పైగాను, వేగము పెంచినప్పుడు నాలుగు వరకును ముల్లు నిలిచినది. శబ్దములోను దోషము లేదు. టర్బో గొట్టము విప్పి చూడగా ఆయిలు తడి కొంత యున్నది. తుడిచి, కనిపెట్టి యుండుమనెను. టర్బో ఇరుసు నిమిషమునకు లక్ష చుట్ల వరకు తిరుగునది. ఆయిలు అందనప్పుడు ముందుగా దెబ్బతినునది అదియే.

అక్క బండికి జరుగకున్నను, ఇట్టి సమయములలో తరచుగా జరుగునవి మరికొన్ని గలవు. డీజిలు ఫిల్టరును కూడ మార్చిన దినమున బండి స్టార్టయి కొన్ని నిమిషములలో ఆగిపోయినచో, అది ఆయిలు దోషము కాదు; గొట్టములలో గాలి చేరినది. చేతి పంపు కొట్టి గాలిని వెళ్లగొట్టినచో తీరును. పైమూత పెట్టుట మరచినచో ఇంజనంతయు ఆయిలు చిమ్మియుండును. క్రొత్త ఆయిలు స్వల్పకాలములోనే నల్లబడినదని షెడ్డువారిని తిట్టనక్కరలేదు. డీజిలు మసిని కడిగి తనలో నుంచుకొనుట దాని ధర్మము. ఆయిలు రకము మాత్రము చూడవలెను. 2020 ఏప్రిలు నుండి వచ్చు బీ.ఎస్.-6 బండ్లకు పొగగొట్టములో మసిని పట్టు జల్లెడవంటి సాధనము గలదు. బూడిద ఎక్కువ మిగుల్చు ఆయిలు పోసినచో అది పూడుకొనిపోవును. డబ్బాపై గుర్తులను బండి పుస్తకములోని గుర్తులతో సరిచూచుట చదువు వచ్చిన ఏ ఇల్లాలికైనను సాధ్యమే.

రాత్రి తొమ్మిది గంటలకు బండి కదలినది. ఆలస్యమునకు కిరాయిలో కొంత కోత పడినది. ఫిల్టరు వెలయు, మేస్త్రి కూలియు కలిసి మూడు వేలు దాటలేదు. తిరుగు ప్రయాణములో అక్క చెప్పిన ప్రకారము డ్రైవరు షెడ్డు వద్ద ఆగి, ఊడదీసిన రబ్బరు చుట్టును యజమాని ముందుంచెను. ఆయన చాలసేపు మాటాడక, ఫిల్టరు డబ్బులు మాత్రము తిరిగి యిచ్చెనట.

వెయ్యి కిలోమీటర్లు తిరిగిన పిమ్మట మరల ఆయిలు చూడవలెనని మేస్త్రి చెప్పియుండెను. ఆనాడు బండి తణుకులో ఇంటి ముందు నిలిచినది. అక్క తెల్ల కాగితముపై ఆయిలు పోయించి, లేవలేని బావగారి మంచము ప్రక్కనున్న కిటికీ వద్దకు తానే తీసికొనిపోయెను. ఆయన తల కొంచె మెత్తి, వెలుతురున అటునిటు త్రిప్పించి చూచి, "ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. రేపటికి లోడు రాయించు" అనిరి.