ఒక్క మాట బయటికి పొక్కితే

డిటెక్టివు నవల అనగానే, పిల్లల చేతిలోనుండి పెద్దలు లాగివేసే పుస్తకమే జ్ఞాపకం వస్తుంది. అయితే స్వీడన్ దేశపు రచయిత హెన్నింగ్ మాంకెల్ 1991లో వ్రాసిన నవల వేరు. పేరును తెలుగులో చెప్పాలంటే ‘ముఖంలేని హంతకులు’. 1997లో ఇంగ్లీషులోకి వచ్చింది.

కథాకాలం 1990 జనవరి. స్వీడన్ దక్షిణపు కొనన, సముద్రపు ఒడ్డున యిస్టాడ్ అనే చిన్న పట్టణం. చుట్టూ పొలాలు, చలిగాలి. ఒక పల్లెలో ముసలి రైతొకడు రాత్రివేళ మేల్కొని, పొరుగింటి గుర్రం సకిలింపు వినబడటం లేదని గమనిస్తాడు. పొరుగువారి పశువు అలికిడి కూడా ఎరిగి ఉండటం పల్లెవారికి సహజమే గదా! వెళ్ళి చూస్తే ఆ ఇంటి వృద్ధ రైతు హత్య చేయబడ్డాడు. భార్య కొనఊపిరితో ఉన్నది.

దర్యాప్తు కుర్ట్ వలాండర్ అనే పోలీసు అధికారి మీద పడింది. ఆస్పత్రిలో ఆ తల్లి చనిపోకముందు పలికిన మాట ఒక్కటే: పరదేశి. ఆ ప్రాంతంలో శరణార్థుల శిబిరాలున్నాయి. అందుకే ఆ మాట బయటికి పొక్కరాదని వలాండర్ తలంచాడు. కాని ఎవరో పత్రికలవారికి చేరవేశారు. శిబిరానికి నిప్పు పెట్టారు. ఈ హత్యతో ఏ సంబంధమూ లేని ఒక సోమాలియా మనిషిని కాల్చి చంపారు.

మన ఊళ్ళలో దొంగతనం జరిగినా మొదటి చూపు ఊరి బయటి గుడారాల మీదికే పోతుంది.

చివరకు దొరికిన హంతకులు నిజంగానే పరదేశస్థులు. రచయిత కావాలంటే వారిని ఊరివారినే చేసి, పాఠకుని ఊరడించి ఉండవచ్చు. అలా చేయలేదు. ఆ ముసలమ్మ చెప్పినది సత్యమే. అయినను ఆ సత్యం సోమాలియా మనిషి ప్రాణం తీసింది. ఆ రెండూ ఒకదాని ప్రక్కన ఒకటి ఉంచి కథ ముగించటమే ఈ నవల బలమని నా అభిప్రాయం. మాంకెల్ చాలా సంవత్సరాలు ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో నాటకశాల నడిపిస్తూ గడిపాడు. స్వదేశంలో పరాయివారిపట్ల పెరుగుతున్న ద్వేషమే ఈ నవల వ్రాయించింది. 2015లో ఆయన మరణించాడు.

వలాండర్ ఆదర్శపురుషుడేమీ కాడు. భార్య విడిచి వెళ్ళింది, కుమార్తె దూరమైంది. త్రాగి కారు నడుపుతాడు. తోటి పోలీసులు దానిని కప్పిపుచ్చే ఘట్టం చదువుతుంటే కోపం వస్తుంది. ఇంత పనిలోనూ అతనికి ముసలి తండ్రి బాధ్యత ఉన్నది. ఒక రాత్రి ఆ తండ్రి పడుకునే బట్టలతోనే పెట్టె పట్టుకొని, ఇటలీకి వెళ్తున్నానంటూ పొలానికి అడ్డంపడి నడుస్తూ దొరుకుతాడు. ఆయన చిత్రకారుడు. ఏళ్ళ తరబడి ఒకే దృశ్యం గీస్తున్నాడు. కొన్ని బొమ్మల్లో అడవికోడి ఉంటుంది, కొన్నిటిలో ఉండదు.