మంచం పక్కన కూర్చున్నవారికీ ఒక మాట ఉంది

మన ఊళ్లలో ఎవరైనా ఆస్పత్రిలో చేరితే మంచం దగ్గర ఇంటి మనిషి ఒకరు ఉండి తీరాలి. సెలైన్ అయిపోవస్తే సిస్టర్‌ని పిలవడం, చీటీ పట్టుకుని మందుల షాపుకి పరుగెత్తడం, ల్యాబ్ నుంచి రిపోర్టు తేవడం, ఫ్లాస్కులో కాఫీ పోయించుకు రావడం, అన్నీ అటెండెంటు పనులే. ఇంత చాకిరీ చేసే మనిషి, పెద్ద డాక్టరు గారు రౌండ్స్‌కి రాగానే లేచి పక్కకు జరుగుతాడు. ఏదైనా అడగబోతే ఇంట్లో పెద్దవాళ్లే వారిస్తారు. "ఆయనకు తెలియదట్రా, ఊరుకో" అంటారు.

అమెరికాలో ఈ లెక్క తిరగబడింది. మందులు మనం కొనుక్కురానక్కర్లేదు, రిపోర్టు కోసం క్యూలో నిలబడక్కర్లేదు. ఇక్కడి ఆస్పత్రి మన నుంచి కోరేది ముఖ్యంగా మాట సాయం. తేడాగా ఏదైనా అనిపిస్తే వెంటనే చెప్పమని గోడల మీద రాసి మరీ అడుగుతారు. మనవాళ్లలో చాలామంది మాత్రం ఊరి అలవాటునే వెంటబెట్టుకొచ్చి, కుర్చీలో ఒదిగి కూర్చుంటారు. పదహారేళ్లుగా న్యూజెర్సీలో ఉంటూ, స్నేహితుల ఇళ్లలోనూ మా ఇంట్లోనూ చూసిన దాన్ని బట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇక్కడి ఆస్పత్రులు కూడా ఈ విషయాన్ని ఊరికే నేర్చుకోలేదు. ఆస్పత్రుల్లో జరిగే పొరపాట్ల వల్ల అమెరికాలో ఏటా 44,000 నుంచి 98,000 మంది వరకు చనిపోతున్నారని 1999లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక అంచనా వేసింది. దేశం ఉలిక్కిపడింది. 2001లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో జోసీ కింగ్ అనే ఏడాదిన్నర పాప చనిపోయింది. వేడినీళ్లు పడి కాలిన గాయాల నుంచి కోలుకుని, ఇక ఇంటికి పంపుతారనుకున్న పాప. బిడ్డ విపరీతమైన దాహంతో ఉందని తల్లి సోరెల్ కింగ్ గమనించి చెప్పింది. కంగారు పడవద్దన్నారు. ఒంట్లో నీరు తగ్గిపోవడం, దానికి తోడు ఇవ్వకూడని మత్తు మందు పడటంతో పాప దక్కలేదు. ఆ తల్లి పరిహారం సొమ్ముతో ఒక ఫౌండేషన్ పెట్టి, ఆస్పత్రులు తిరిగి తన కథ చెప్పింది. ఆమె మాట ప్రేరణగా 2005లో పిట్స్‌బర్గ్‌లోని ఒక ఆస్పత్రి 'కండిషన్ హెచ్' మొదలుపెట్టింది. రోగి గానీ బంధువు గానీ తామే ఫోన్ చేసి అత్యవసర వైద్య బృందాన్ని మంచం దగ్గరికి పిలిపించుకునే ఏర్పాటు అది. తర్వాత చాలా ఆస్పత్రులు ఆ బాట పట్టాయి.

బంధువు మాటకు విలువేమిటో మాకు కిందటేడు అనుభవంలోకి వచ్చింది. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరింది. మూడో రోజు సాయంత్రం నర్సు వచ్చి ఎలా ఉందని అడిగితే అమ్మ నవ్వుతూ తల ఊపి "ఓకే, ఓకే" అంది. జ్వరం లేదు, ఆక్సిజన్ బాగుంది. నర్సు 'ఇబ్బంది లేదు' అని రాసుకుంది. పక్కనే ఉన్న నా భార్య మాత్రం, "అత్తయ్యా, కాఫీ తాగుతారా?" అని అడిగింది. "పాలవాడు ఇంకా రాలేదుగా అమ్మాయ్, గేటు తీసి ఉంచు" అంది అమ్మ. న్యూజెర్సీలో, ఆస్పత్రి ఆరో అంతస్తులో ఉండి!

నా భార్య వెంటనే వెళ్లి నర్సుతో, "ఆవిడ ఎప్పుడూ ఇలా మాట్లాడరు. ఉదయం బాగానే ఉన్నారు. ఇప్పుడు ఎక్కడున్నారో తెలియడం లేదు" అని చెప్పింది. నర్సు విసుక్కోలేదు. డాక్టరు వచ్చాడు, రక్తపరీక్ష చేయించాడు. సోడియం బాగా పడిపోయింది. బీపీ కోసం ఇస్తున్న మందుల్లో నీరు లాగే మందు ఒకటుంటే దాన్ని ఆపి, వైద్యం మార్చారు. రెండు రోజుల్లో అమ్మ మళ్లీ కాఫీలో డికాక్షన్ చాలలేదని వంకలు పెట్టే స్థితికి వచ్చింది. నా ఉద్యోగంలో మానిటర్ల మీద అన్నీ పచ్చగా కనిపిస్తున్నా, వాడేవాళ్లు ఫోన్ చేసి పనిచేయడం లేదంటే ముందు వాళ్ల మాటే నమ్ముతాం. మంచం దగ్గర ఆ ఫోన్ చేయగలిగింది ఇంటి మనిషే.

ఇందులో భాష సంగతి కూడా ఉంది. ఇంగ్లిషు రాని పెద్దవాళ్లు అన్నింటికీ 'ఓకే' అంటారు. ఫెడరల్ ప్రభుత్వ నిధులు అందుకునే ఆస్పత్రులు, అంటే ఇక్కడ దాదాపు అన్నీ, ఇంగ్లిషు సరిగా రానివారికి ఉచితంగా దుబాసీని ఇవ్వాలని చట్టం చెబుతోంది. తెలుగు దుబాసీలు ఫోన్లోనో వీడియోలోనో దొరుకుతారు. 'మేమున్నాంగా' అని మనం వద్దంటుంటాం. కానీ కొడుకు ముందు చెప్పుకోలేని ఆడవాళ్ల బాధలు ఉంటాయి. భయపడతారని డాక్టరు మాటల్లో సగం మింగేసే కొడుకులూ ఉంటారు. ఆపరేషన్ సమ్మతి, కొత్త మందు, డిశ్చార్జి సూచనలు, ఈ మూడింటికైనా దుబాసీని అడగండి. పిల్లల చేత మాత్రం అనువాదం చేయించకండి. ప్రాణాపాయ సమయంలో తప్ప మైనర్లను అందుకు వాడకూడదన్నది నిబంధన.

మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కు మరొకటి, పుట్టినతేదీ. ప్రతి మందుకూ ముందు ఇక్కడి నర్సు పేరు, పుట్టినతేదీ అడుగుతుంది. ఒకరి మందు ఇంకొకరికి వెళ్లకుండా పెట్టుకున్న కాపలా అది. మన పెద్దవాళ్లలో చాలామందికి అసలు పుట్టినరోజు ఒకటి, బడిలో వేయించినది ఇంకొకటి. పాస్‌పోర్టులో ఉన్న తేదీనే చెప్పాలని, అది కూడా ఇక్కడి పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత చెప్పాలని ముందే నేర్పండి. ఇంటిపేరు ముందా, అసలు పేరు ముందా అన్నది కూడా చేతి పట్టీ మీద ఎలా ఉందో ఒకసారి చదవండి. ఎవరైనా ఈ ప్రశ్న అడగకుండా మందు ఇవ్వబోతే, అడగమని మర్యాదగా గుర్తుచేయవచ్చు.

మందుల సంగతికొస్తే, ఇండియా బ్రాండు పేర్లు ఇక్కడి డాక్టర్లకు అర్థం కావు. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్, గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్, థైరోనార్మ్ అంటే లీవోథైరాక్సిన్. ఊళ్లో పారాసెటమాల్ అనేదాన్ని ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. డోలో 650లోనూ టైలినాల్‌లోనూ ఉన్నది ఆ ఒక్క మందే. రోజుకు నాలుగు డోలోలు వేసుకునే మనిషి, దానికి తోడు 500 మిల్లీగ్రాముల టైలినాల్ పూటకు రెండు చొప్పున మూడు పూటలు వేసుకుంటే 5.6 గ్రాములవుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ప్రమాదం. అందుకే మందుల అట్టలన్నీ ఒక సంచిలో వేసి ఆస్పత్రికి తీసుకెళ్లండి. చూర్ణాలు, లేహ్యాలు, హోమియో గోళీలు కూడా అందులో ఉండాలి. ఏకాదశి ఉపవాసం ఉండే అలవాటు ఉంటే, ఇన్సులిన్ వేసేముందే నర్సుకు తెలియాలి. ఇంటినుంచి పప్పు, చారు తెచ్చేముందు కూడా ఒక మాట అడగాలి.

ఇంకొకటి పడిపోవడం. రాత్రిపూట బాత్రూమ్‌కి వెళ్లాలంటే బటన్ నొక్కమని ఎంత చెప్పినా, "పాపం, ఆ పిల్లని ఎన్నిసార్లు లేపుతాం" అని మన అమ్మలు ఒంటరిగా లేస్తారు. పిలిస్తే నర్సుకు ఇబ్బంది కాదని, పడితేనే అందరికీ ఇబ్బందని వాళ్లకు తెలుగులో నచ్చజెప్పగలిగేది మనమే.

కుటుంబాన్ని కలుపుకుంటే నిజంగా ఫలితం ఉంటుందా అంటే, ఉంది. ఉత్తర అమెరికాలోని 7 ఆస్పత్రుల పిల్లల వార్డుల్లో జరిపిన అధ్యయనం 2018లో బీఎంజే పత్రికలో వచ్చింది. రౌండ్స్‌లో తల్లిదండ్రులను కలుపుకుని, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చర్చించి, చివర్లో ఏం అర్థమైందో వాళ్ల చేతే చెప్పించారు. మొత్తం పొరపాట్ల సంఖ్య పెద్దగా మారలేదు గానీ, రోగికి హాని చేసే పొరపాట్లు దాదాపు 38 శాతం తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో సెప్టెంబర్ 17న జరిపిన ప్రపంచ రోగి భద్రతా దినోత్సవానికి రోగులను భాగస్వాములను చేయడమే అంశంగా ఎంచుకుంది.

ఇతర దేశాల్లో ఉన్న మనవాళ్లకూ దారులున్నాయి. ఇంగ్లండ్‌లో పదమూడేళ్ల మార్తా మిల్స్ 2021లో సెప్సిస్‌తో చనిపోయింది. తల్లిదండ్రుల ఆందోళనను పట్టించుకుని ముందే ఐసీయూకి మార్చి ఉంటే బతికేదని విచారణలో తేలింది. 2024 నుంచి అక్కడ 'మార్తాస్ రూల్' కింద కుటుంబం మరో వైద్య బృందం చేత తక్షణం చూపించమని కోరవచ్చు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 'రయాన్స్ రూల్' ఉంది. పెర్త్‌లో 2021లో ఎమర్జెన్సీ విభాగంలో ప్రాణాలు కోల్పోయిన ఏడేళ్ల ఐశ్వర్య అశ్వత్ కేరళ దంపతుల బిడ్డ. పాపను చూడమని తల్లిదండ్రులు పదేపదే వేడుకున్నారు. ఇప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియాలో కుటుంబాలు సాయం కోరే ఫోన్ ఏర్పాటుకు ఆ పాప పేరే పెట్టారు.

ఆస్పత్రి భద్రత బాధ్యతంతా బంధువుల నెత్తిన పెట్టడం న్యాయం కాదు. చిన్నపిల్లలున్నవారు, రెండు ఉద్యోగాలు చేసేవారు ఇరవై నాలుగు గంటలూ కుర్చీలో ఉండలేరు. తోడు లేని రోగికీ అంతే భద్రత దక్కాలి. అది ఆస్పత్రి పని. ఎదురు మాట్లాడితే వైద్యం సరిగా చేయరేమోనన్న భయం కూడా మనలో ఉంది. గొంతు పెంచాల్సిన పనిలేదు. "నాకు ఆందోళనగా ఉంది, ఈవిడ మామూలుగా ఇలా ఉండరు" అని, ఎప్పటినుంచి ఏం మారిందో చెబితే చాలు. నర్సు వినకపోతే చార్జ్ నర్సును పిలవమనండి. ఆ తర్వాత ర్యాపిడ్ రెస్పాన్స్ టీమ్.

ఈసారి మీవాళ్లు ఆస్పత్రిలో చేరితే, మొదటి గంటలోనే నర్సును ఒక ప్రశ్న అడగండి: "మాకు భయమేస్తే నేరుగా ఫోన్ చేయడానికి ఇక్కడ నంబరు ఉందా?" ఉంటే మంచం పక్కనున్న తెల్లబోర్డు మీద రాయించండి. రాత్రి కాపలా ఉండేవారికి అది కనిపించేలా ఉండాలి.